ఇర్ఫాన్ బొమ్మ ఆగిన చోటు

లేని ఫోన్లు తయారుచేస్తుంది తహసీన్. ఈ మాట పెళ్లిచూపుల్లో చెబితే ఒక సంబంధం వాళ్లు టీ కూడా తాగకుండా లేచిపోయారు. కానీ అబద్ధం కాదు. నరసరావుపేట స్టేషన్ రోడ్డులో ఆమె అన్న ఇర్ఫాన్‌కి మొబైల్ రిపేరు కొట్టు ఉండేది. ముందు గదిలో ఉన్న ఫోన్లు బాగుచేసేవాడు అన్న. వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని లేని ఫోన్లు చేసేది చెల్లెలు.

విజయవాడలో ఒక చిన్న కంపెనీ యాప్‌లు తయారుచేస్తుంది. అవి ఏ ఫోన్లో ఎలా నడుస్తాయో చూసి చెప్పడం తహసీన్ ఉద్యోగం. మార్కెట్లో ఉన్న ఫోన్లన్నీ కొనడం ఎవరి తరం? అందుకే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాంలో ఉత్తుత్తి ఫోన్లు చేస్తారు. మోడల్ ఏది, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంత శాతం అని వరసగా గళ్లు నింపితే కంప్యూటర్ తెరమీద ఒక ఫోను లేచి కూర్చుంటుంది. తాను ఉత్తుత్తిదని పాపం దానికి తెలియదు. అది ఏ ఊళ్లో ఉందో కూడా మనమే చెప్పాలి. చెప్పకపోతే అమెరికాలో ఎక్కడో ఉన్నాననుకుంటుంది. ప్రతిసారీ మార్చలేక తహసీన్ ఒక నమూనా దాచిపెట్టుకుంది. అందులో చోటు అన్న గడిలో తమ ఇంటి గుర్తే పెట్టింది.

ఇర్ఫాన్ వారానికి మూడు రోజులు రొంపిచెర్ల, కారంపూడి వైపు బండి మీద తిరిగి, చిన్న కొట్లలో పోగుపడిన పాడైన ఫోన్లు తెచ్చేవాడు. వాళ్ల అమ్మ అబిదా చదువుకోలేదు. అయినా ఫోనులో మ్యాప్ చూడటం మాత్రం కొడుకు దగ్గర నేర్చుకుంది. అందులో ముగ్గురి ఫొటోలూ గుండ్రటి బొమ్మల్లా కదులుతుంటాయి. ఇర్ఫాన్ బొమ్మ రైలు గేటు దాటగానే ఆమె టీ గిన్నె పొయ్యి మీద పెట్టేది. వాడు గుమ్మంలో చెప్పులు విడిచేసరికి టీ పొంగేది. వాడికెప్పుడూ తొందరే. నిలబడే తాగేవాడు.

మార్చి నెలలో కారంపూడి రోడ్డు మలుపు దగ్గర మిరపకాయ బస్తాల లారీ అతన్ని కొట్టేసింది. మనిషీ పోయాడు, ఫోనూ నుజ్జయింది. ఫోను ఆగిపోతే చివరిసారి ఎక్కడుందో అక్కడే బొమ్మ నిలబడిపోతుంది. ఆ ఇంటి ఆడవాళ్లు ఖననం జరిగే ఖబరస్తాన్‌కి వెళ్లరు. అబిదా చూసిందల్లా గుమ్మం దాటి వెళ్లిన జనాజాను. ఆ తరవాత రోజూ ఫోను తీసి చూసేది. కొడుకు ఆ మలుపులోనే ఉన్నాడు.

"అంత ఎండలో నడిరోడ్డు మీద ఉండాడే వాడు" అనేది.

అయిదు నెలలు గడిచాయి. ఇర్ఫాన్‌కి రాయడమంటే బద్ధకం. ఏ ఫోనుకు ఏం రోగమో నోటితో చెప్పి రికార్డు చేసుకునేవాడు. ఆ రికార్డులు తెరిచే యాప్ అతని మోడల్ ఫోన్లో తప్ప నడవదు. ఒక మధ్యాహ్నం తహసీన్‌కి అన్న గొంతు వినాలనిపించింది. ఉండబట్టలేకపోయింది. తన నమూనా తెరిచి, గళ్లన్నీ అన్న ఫోనుకు తగ్గట్టు మార్చింది. డ్రాయర్లో దాచిన అతని సిమ్‌ని తన ఫోన్లో వేస్తే ఓటీపీ వచ్చింది, అతని ఖాతాలో దాచి ఉన్నవన్నీ దిగాయి. తెరమీద అన్న ఫోను లేచింది. అవే యాప్‌లు, అవే అలారాలు, పైన అదే అమ్మ ఫొటో.

"రొంపిచెర్ల ఫోను. డిస్‌ప్లే పోయింది. ముసలాయన, తొందరేం లేదన్నాడు" అంది అన్న గొంతు.

తహసీన్ చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రికార్డులన్నీ తన ఫోన్లోకి ఎక్కించుకుంది. పని అయిపోయింది, అప్పుడే ఆపేయాల్సింది. బ్యాటరీ వంద చూపిస్తుంటే ఆపడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వంటింటి గట్టు మీద మూడు గ్లాసుల్లో టీ ఉంది.

"ఎవరొచ్చారమ్మా?"

"మెల్లగా మాట్లాడవే" అంది అబిదా. "అన్న ఇంట్లో ఉండాడు."

ఫోను చూపించింది. మ్యాప్‌లో మూడు బొమ్మలూ ఒకే కప్పు కింద ఉన్నాయి. తహసీన్‌కి అప్పుడు అర్థమైంది. అన్ని గళ్లూ మార్చింది, చోటు మార్చడం మరిచింది. అన్నను తానే తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టింది.

చెబుదామని నోరు తెరిచింది. కానీ ఆ పూట అమ్మ రెండు ముద్దలు ఎక్కువ తింది. రేపు చెప్పొచ్చులే అనుకుంది. ఆ రేపు ఎనిమిది రోజులు సాగింది. అబిదా ఇల్లు కదలడం మానేసింది. కొడుకు మంచం దగ్గర చీపురు మెల్లగా ఆడించేది. ఎవరూ లేని మంచం మీద రోజంతా ఫ్యాను తిరిగేది. ఆరో రోజు ఆ మంచం దగ్గరికి వచ్చేసరికి, తన చేత్తో గళ్లు నింపిన తహసీన్ కూడా కాళ్లు తగులుతాయేమోనన్నట్టు పక్కకు తప్పుకుని నడిచింది. ఆ సంగతి తనకే తెలిసి భయమేసింది.

తొమ్మిదో రోజు పొద్దున అబిదా గుమ్మం దగ్గర ఆమె చెయ్యి పట్టుకుంది.

"వాడు మాట్లాడడేందే? ఇంట్లోనే ఉండి ఒక్క మాటన్నా అనడు. నామీద కోపమా? నేనేం చేశానే?"

కొట్టుకు వెళ్లేదాకా తహసీన్‌కి ఆ మాటే వినబడుతూనే ఉంది. ఫోనును అలాగే ఆపేస్తే అన్న బొమ్మ ఇంట్లోనే మిగిలిపోతుంది, ఎప్పటికీ మాట్లాడకుండా. చెరిపేస్తే అమ్మకు రెండోసారి చచ్చిపోతాడు. మళ్లీ ఆ మలుపులో పెట్టడానికి మనసొప్పలేదు. చోటు గడి తెరిచి ఖబరస్తాన్ గుర్తు పెట్టింది. ఒక్కసారిగా దూకించలేదు. దారి గీసి నడిపించే సదుపాయం ఉంది. మనిషి నడకంత వేగం పెట్టి నొక్కింది.

తన ఫోన్లో మ్యాప్ తెరిచి చూసింది. ఇర్ఫాన్ బొమ్మ ఇంట్లోంచి బయటికి వచ్చింది. సందు మలుపు తిరిగింది. కాసేపటికి అమ్మ బొమ్మ కూడా కదిలింది.

అబిదాకు మోకాళ్ల నొప్పులు. రెండు బొమ్మల మధ్య దూరం పెరిగిపోతోంది. తహసీన్ అన్న వేగం సగానికి తగ్గించింది. ఇంకా తగ్గించింది. రైలు గేటు దగ్గర అమ్మ ఆగిపోయింది. గేటు వేసి ఉంటుంది. అవతలికి దాటిన అన్నను కూడా ఆపింది. అమ్మ కదిలాకే మళ్లీ నడిపించింది. అన్న బొమ్మ ఖబరస్తాన్ చేరి నిలబడ్డాక తహసీన్ షట్టరు దించి స్కూటీ తీసింది.

అబిదా ఖబరస్తాన్ గేటు బయటే ఉంది. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో గేటు ఊచ పట్టుకుని ఉంది. చెప్పులు ఎక్కడ పోయాయో కాళ్లకు లేవు.

"ఏ మూలనే?" అంది.

"గోడ పక్కన, వేపచెట్టు కిందంట."

ఇద్దరూ మొదటిసారి లోపలికి వెళ్లారు. అబిదా మట్టి పక్కన కూర్చుని దాని మీద అరచెయ్యి పెట్టింది. చానాసేపు తీయలేదు. తరవాత తలెత్తి చెట్టును చూసింది.

"ఇక్కడ ఎండ లేదే" అంది.

తహసీన్ ఏడుస్తూ జరిగిందంతా చెప్పబోయింది. అబిదా వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"రైలు గేటు దగ్గరే తెలిసిందిలేవే, నడిపించేది నువ్వేనని. వాడు ఏనాడన్నా నాకోసం ఆగాడా? ఇంత మెల్లగా నడిచాడా?" కొంగుతో కూతురి మొహం తుడిచింది. "పోయి దాన్ని ఆపెయ్యి. వాణ్ణి పడుకోనియ్యి."

తహసీన్ కొట్టుకు వెళ్లి ఆ ఫోనును ఆపేసింది. మ్యాప్‌లో ఇర్ఫాన్ బొమ్మ వేపచెట్టు దగ్గరే ఉంది. ఆ సాయంత్రం అబిదా రెండు గ్లాసుల్లోనే టీ పోసింది.