తార్నాక ఆకాశంలో కొన్ని క్షణాలు

1968 డిసెంబరులో నన్ను విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని బెలూను ప్రయోగాల బృందంలో టెక్నికల్ అసిస్టెంటుగా వేశారు. పైకి వెళ్లిన పరికరం పంపే సంకేతాలను నేల మీద అందుకుని, చార్టు కాగితం మీద గీతగా నమోదు చేయించడం నా పని. పక్కనే ఉన్న తార్నాకలో గది తీసుకుని రోజూ నడిచి వెళ్లేదాన్ని.

అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణాలు నేలదాకా రావు. గాలి వాటిని మధ్యలోనే ఆపేస్తుంది. ఉపగ్రహం మా స్తోమతుకు మించినది కాబట్టి, హైడ్రోజన్ నింపిన పల్చటి ప్లాస్టిక్ బెలూనుకు పరికరాన్ని వేలాడదీసి, గాలి దాదాపు లేని ఎత్తుకు పంపేవాళ్లం. పరికరంలో రెండు స్ఫటికాలుండేవి. కిరణం తగిలితే స్ఫటికం మినుకుమంటుంది. ఆ మినుకును ఒక గొట్టం విద్యుత్ సంకేతంగా మారిస్తే, ట్రాన్స్‌మిటర్ దాన్ని మాకు పంపుతుంది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం బెలూను ఎగిరింది. పైకి వెళ్లాక అది ఎండలో తెల్లటి చుక్కలా మెరిసింది. తార్నాక రోడ్డు మీద సైకిళ్లు ఆపి జనం తలలెత్తి చూశారు. హంస నక్షత్రరాశిలో గామా కిరణాలు వెదజల్లే ఒక మూలం ఆ వేళకు నడినెత్తికి చేరువగా వస్తుంది. పట్టపగలు మా కంటికి కనిపించని ఆ మూలం స్ఫటికాలకు కనిపించసాగింది. చార్టు మీద మొదటి స్ఫటికం గీతను గీసే కలం మెల్లగా పైకి జరుగుతుంటే నేను కాగితం అంచున టైము రాసుకుంటూ పోయాను.

అంతలోనే కలం ఒక్కసారిగా చార్టు అంచుదాకా లేచింది. కొన్ని క్షణాలు వణుకుతూ, ఆగి ఆగి కిందికి దిగింది. ఆ తరువాత మునుపటిలాగే సాగింది. రెండో స్ఫటికం కలమూ అదే క్షణంలో లేచి, అలాగే దిగింది.

నా పక్కనే నిలబడ్డ పరిశోధక విద్యార్థి రాజేశ్వర్ చార్టు మీదికి వంగాడు. "సుగుణక్కా, సూర్యుడు గాదు, హంస గాదు. ఇంకేదో మెరిసింది" అన్నాడు.

మా బృందానికి నాయకుడు డాక్టర్ నర్సింహారెడ్డి. రాజేశ్వర్ చార్టును ఆయన బల్ల మీద పరిచి, దీన్ని వెంటనే ప్రకటించాలన్నాడు.

"పరికరంల పుట్టిన నాయిజ్ అయితే సూదిలెక్క లేచి పడిపోతది సార్. ఇది మెల్లగ దిగింది. రెండు స్ఫటికాలు జూసినయ్. ఇంకేం కావాలె?"

"రెంటికీ ట్రాన్స్‌మిటర్ ఒక్కటే గదయ్యా. అది తుమ్మితే రెండూ తుమ్ముతయ్" అన్నారాయన.

పారాచూటు మీద దిగిన పరికరం తూర్పున ఒక జొన్నచేలో దొరికింది. జీపులో తెచ్చి, వారాల తరబడి దాన్ని పరీక్షించాం. చల్లబరిచాం, తట్టాం, బ్యాటరీ బలం తగ్గించి చూశాం. అలాంటి గీత మళ్లీ పుట్టలేదు. రాజేశ్వర్ ముఖం వెలిగింది. కానీ డాక్టరుగారు, "మన దగ్గర పుట్టలేదంటే పైన పుట్టినట్టు గాదు" అని ఆ ప్రయోగం మీద రాస్తున్న వ్యాసంలోకి దాన్ని రానివ్వలేదు. రాజేశ్వర్ కొన్నాళ్లు ల్యాబుకు రాలేదు. వచ్చాక మాత్రం హంస మూలం మీదే థీసిస్ పూర్తి చేశాడు.

1973లో ఒక విదేశీ పత్రికలో వ్యాసం వచ్చింది. అణు పరీక్షలను కనిపెట్టడానికి తిప్పుతున్న ఉపగ్రహాలకు, ఏ దిక్కునుంచో కొన్ని క్షణాల పాటు గామా మెరుపులు కనిపించాయని. వేర్వేరు ఉపగ్రహాలు ఒకే మెరుపును చూశాయి కాబట్టి సందేహం లేదు. అప్పటికి వేరే చోట ఉద్యోగం చేస్తున్న రాజేశ్వర్ ఆ పత్రిక పట్టుకుని తార్నాకలో డాక్టరుగారింటికి వచ్చాడు. నన్నూ పిలిపించారు.

డాక్టరుగారు చివరిదాకా చదివి కళ్లద్దాలు తీశారు.

"నువ్వు జూసింది ఇదే కావచ్చు రాజేశ్వర్. కాకపోవచ్చు. ఆ పొద్దు నాకు గూడ నమ్మాలనే ఉండె."

రాజేశ్వర్ పేజీ తిప్పి చూపించాడు. ఆ వ్యాసం లెక్కలోకి తీసుకున్న కాలం మా ప్రయోగం తరువాత కొన్ని నెలలకు మొదలవుతుంది. మా ఉదయానికి సాక్షి లేడు. ఆకాశంలో అలాంటివి జరుగుతున్నాయన్న ఆశ్చర్యం ముందు మా వాదం చిన్నదైపోయింది.

ఆకాశం అలా మెరవగలదని తేలడం వేరు, ఆ ఉదయం మెరిసిందని మేము చెప్పగలగడం వేరు. అప్పటినుంచి నేను పదవీ విరమణ చేసేదాకా, నా చేతుల మీదుగా వెళ్లిన ఏ పరికరాన్నీ ఒక్క ట్రాన్స్‌మిటర్‌తో ఎగరనివ్వలేదు.