డాన్ అబ్దోన్ పూర్తిచేయని ప్రణాళిక

అందరూ గౌరవంగా 'డాన్' అని పిలిచే అబ్దోన్ సెవాల్యోస్ నోట "అయిపోయింది" అన్న మాట కీటో నగరంలో ఎవరూ వినలేదు. అలాంటి మనిషిని ఏరికోరి, ఈక్వడార్‌కి మొట్టమొదటి అభివృద్ధి ప్రణాళిక రాసే పని అప్పగించింది ప్రభుత్వం. దాన్ని టైపు కొట్టే పని ఆయన ఆఫీసు టైపిస్టు సోయిలా నెత్తిన పడింది.

"రోడ్ల అధ్యాయం పూర్తయినట్టేనాండీ?"

"దాదాపుగానమ్మా. లోహా ఊరి వైపు వంతెన ఒకటి ఉండిపోయింది."

"నిన్ననే చేర్చాం కదా."

"నిన్న చేర్చింది చెక్కది. సిమెంటుదైతే బాగుంటుందని పడుకున్నాక తోచింది."

వంతెన మారితే సిమెంటు లెక్క మారేది, దాంతో ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీతో కరెంటు. సోయిలా పళ్లు నూరుకుంటూ మళ్లీ మొదటి పేజీ ఎక్కించేది.

"నువ్వే నయం," అనేది ఆయన భార్య ఎర్మీనియా. "పెళ్లినాడు ఫాదర్ గారు 'సమ్మతమేనా' అంటే, 'సమ్మతమే, ప్రమాణంలో రెండో వాక్యం కాస్త మారుద్దాం' అన్నాడీయన. మా నాన్న గదమకపోతే ఇప్పటికీ చర్చిలోనే ఉండేవాళ్లం."

మంత్రిగారి ఆఫీసు నుంచి ఫోన్లు. 'రేపే ఇచ్చేస్తాం' అని సోయిలా రోజూ అబద్ధాలు చెప్పేది. చివరికి ఓపిక నశించి, ఒక మధ్యాహ్నం డాన్ అబ్దోన్ భోజనానికి వెళ్లగానే కాగితాలన్నీ కట్టగట్టి వానలోనే మంత్రిగారి ఆఫీసుకి పట్టుకెళ్లింది.

అక్కడి గుమాస్తా కట్టని ముట్టుకోలేదు. "ఇది నేను తీసుకున్నానంటే మీ ఆఫీసు మూతపడుతుంది. ప్రణాళిక రాసేదాకానే కదా దాన్ని పెట్టింది. శాశ్వతం చేసే ఉత్తర్వు పైన సంతకానికి ఉంది. 'మా ఆఫీసు పిల్లలు వీధిన పడతారు, అది కానివ్వండి' అని మీ డాన్ అబ్దోన్ మా ప్రాణాలు తీస్తున్నాడు. అప్పటిదాకా ప్రణాళిక ఇవ్వనని నాతోనే అన్నాడు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. తమ్ముళ్లిద్దరి చదువూ తన జీతం మీదే నడుస్తున్న సోయిలా కట్టని శాలువా కింద దాచుకుని వెనక్కి నడిచింది.

డాన్ అబ్దోన్ బల్ల కింద వెతుకుతున్నాడు. "కాగితాలు ఇక్కడే ఉండాలమ్మా..."

"నా దగ్గరున్నాయండీ. ఓడరేవుల అధ్యాయం మరీ పొట్టిగా ఉంది. పెంచుదామా?"

ఆయన మొహం చాటంతయింది.

ఉత్తర్వు మీద సంతకం పడిన మర్నాడు సోయిలా వచ్చేసరికి కట్ట లేదు. డాన్ అబ్దోన్ కాళ్లు బారజాపుకుని కాఫీ తాగుతున్నాడు.

"ఇచ్చేశారా?"

"ఇచ్చేశానమ్మా."

"నాతో ఒక్క మాటైనా అనకుండానా? ఓడరేవుల్లో రెండు పేజీలు నేనింకా సరిచూడనే లేదు."

ఆయన గబుక్కున కప్పు కింద పెట్టి టోపీ అందుకున్నాడు. "పద, వెళ్లి వెనక్కి తెచ్చేసుకుందాం."