పుట్టుకతో వచ్చిందన్నాను

నా జబ్బు గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు ఎప్పుడూ తెలియలేదు. బలహీనత అంటే గుడ్లు తినమంటారు. తిమ్మిరి అంటే చెయ్యి విదిలించమంటారు. నరాల జబ్బు అంటే అయ్యో అని, పక్కకు పోయి పిచ్చి అని చెప్పుకుంటారు. పిడికిలి మూస్తే మళ్లీ తెరుచుకోదని ఉన్నదున్నట్టు చెబితే, పనిదొంగకు సాకులు బాగానే దొరుకుతాయని నాయన తల్లి, మా అవ్వే అనేది.

తొంభైల చివర్లో అది చేనులో బయటపడింది. వేరుశనగ విత్తేటప్పుడు గొర్రు వెనక నడుస్తూ దాని మీది జడ్డిగం గిన్నెలో గింజలు వదిలే పని నాది. సాలు తిరిగినప్పుడల్లా ఒడిలోంచి గుప్పెడు తీసుకుంటే ఆ గుప్పెడు అలాగే బిగుసుకుపోయేది. కాసేపు పెనుగులాడితే గానీ వేళ్లు వదులయ్యేవి కావు. ఆలోపు ఎడ్లు ఆగవు కదా. మొలకలొచ్చాక చూస్తే ప్రతి సాలు మొదట్లోనూ బోడి నేల. దారిన పోయేవాళ్లంతా నిలబడి చూసి నవ్వుకుంటూ పోయారు. ఆ ఏడు మళ్లీ విత్తనానికి వాన పడలేదు.

తర్వాతి ఏడు అమ్మ నన్ను బెంగళూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. మాది కర్ణాటక సరిహద్దులో గుమ్మఘట్ట పక్క ఊరు, కన్నడం నాకు బాగానే వచ్చు. అమ్మను సంచుల దగ్గర కూర్చోబెట్టి లోపలికి నేనొక్కదాన్నే వెళ్లాను. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని డాక్టరు అడిగాడు. నాయన గుర్తొచ్చాడు. టీ అయిపోయినా గ్లాసు వదలడని ఆయన్ను మేం ఆటపట్టించేవాళ్లం. ఇది ఆయన నుంచే వచ్చింది, తగ్గదు, నీకు ఆయనకంటే ఎక్కువే అవుతుంది అని డాక్టరు పరీక్షలన్నీ చూసి చెప్పాడు.

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్లలో పురుగుమందు తాగి పోయిన రైతులున్నారు. నాయన అప్పటికే మనుషులతో మాట్లాడడం తగ్గించేశాడు. నీ నుంచే వచ్చిందని ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు.

"ఏమన్నాడు పాపా డాక్టరు?" బస్సులో అమ్మ అడిగింది.

"పుట్టుకతోనే వచ్చిందంటమ్మా."

ఎవరి మీదా తప్పు మోపని మాట దొరికిందనుకున్నాను. కొంచెం గర్వంగా కూడా అనిపించింది. అమ్మ కళ్యాణదుర్గం దాటేదాకా నా పిడికిలినే చూస్తూ కూర్చుంది.

ఇంటికి రాగానే తనంతట తానే చెప్పేసింది. నేను కడుపులో ఉండగా గ్రహణం పట్టిన పూట, కదలకుండా పడుకోవాల్సింది పోయి, కట్టు తప్పించుకున్న దూడను పట్టుకుందట.

"తాడు గట్టిగా పిడికిలి బిగించి పట్టుకుంటి" అంది.

"ఆ పొద్దే చెప్తి గదా, పండుకోమని!" అని అవ్వ లేచింది.

"అంతా నీ వల్లే" అన్నాడు నాయన. ఖాళీ గ్లాసు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే అమ్మ నా చేతిని వేడినీళ్లలో పెట్టి ఒక్కో వేలూ విడదీసేది. వారానికి రెండు ఒక్కపొద్దులు మొదలుపెట్టింది. పేరంటాలకు పోవడం మానేసింది. పోనుపోను నా మెడ నిలవడం మానేసింది, రెప్పలు వాలిపోయాయి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఏళ్లు గడిపేశాను. నాయన ఏమైపోతాడోనన్న భయం మొదట్లో నిజమే. తర్వాత అది సాకు. ఇన్నేళ్లు ఎందుకు దాచావని అమ్మ అడుగుతుందన్నదే అసలు భయం. నా చేతుల కంటే నా నోరే నాకు అసహ్యం.

రెండువేల ఆరేడు ప్రాంతంలో అమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. ఒక మధ్యాహ్నం మంచంలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"నా మీద కోపం పెట్టుకోవద్దు పాపా. కావాలని చేసింటినా? దూడ పారిపోతాండె."

నాయన గడపలో నిలబడి ఉన్నాడు. చెప్పాల్సింది నోటిదాకా వచ్చింది.

"అట్లాంటిదేం లేదులేమ్మా, పండుకో" అన్నాను.

అమ్మ నమ్మలేదు. ఇంకేమన్నా చెబుతానేమోనని నా ముఖంలోకే చూస్తూ ఉంది. నేను తల తిప్పుకుని చెంచాలో మందు పోసి తాగించాను. అమ్మ గుటక వేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"నువ్వు మంచిదానివి పాపా. ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అన్లేదు" అంది.