అక్క తాంబాళంలో ఒక్క అణువు మందం

మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఈ కథ బయటికి వస్తుంది. నేను నీళ్ల మీద పౌడరు చల్లి ఏదో గమ్మత్తు చేసి మా అక్కను ఒప్పించానని అందరూ చెబుతారు. ఆ గమ్మత్తు మొదట పారనే లేదు. ఇప్పుడు రాసి పెట్టకపోతే కొన్నాళ్లకు నేనూ వాళ్ల కథనే నమ్మేస్తాను.

నాది సూర్యాపేటలో చిన్న ఎలక్ట్రికల్ దుకాణం. బడిలో పదో తరగతి వరకే చదివాను. మిగతా చదువంతా గ్రంథాలయం బల్ల మీద సాగింది. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వమే. అక్క వాళ్లది మిర్యాలగూడ అవతల, త్రిపురారం వైపు పల్లె. ఆమె కూతురు కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. ఒకే వారంలో ఆ పిల్లకు మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం, హైదరాబాదులో పరిశోధనకు సీటు వచ్చాయి. అక్క ఉద్యోగమే అన్నది. పిల్ల సీటు అన్నది. ఆదివారం లోపల ఫ్యాక్టరీకి జవాబు చెప్పాలి.

పిల్ల నాకు ఫోన్ చేసింది. "మామా, నేను చెప్తే అమ్మకు ఎక్కుతలేదు. నువ్వు గన్ని పుస్తకాలు చదువుతవ్ గద, జర నువ్వు చెప్పు."

పరిశోధన విషయం ఆర్గానిక్ ట్రాన్సిస్టర్లు. ట్రాన్సిస్టర్ అంటే కరెంటును వదిలే, ఆపే కొళాయి లాంటిది. మామూలుగా సిలికాన్‌తో చేస్తారు. ఇక్కడ ఆ పని కార్బన్‌తో కట్టిన అణువుల పొర చేస్తుంది. ఒక్కో అణువుకు అడుగునున్న పలకను పట్టుకునే తల, పైకి నిలిచే తోక ఉంటాయి. పలకను ద్రావణంలో ముంచితే అణువులు తమంత తామే వచ్చి, తలలు ఆనించి, పక్కపక్కన నిలబడతాయి. పొర మందం ఒక్క అణువు. ఇంత అర్థం కావడానికి గ్రంథాలయంలో ఇంగ్లీషు పుస్తకం, నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. మింగుడుపడని చోట కోదాడ బస్సెక్కి, అక్కడున్న రిటైరైన లెక్చరర్ గారిని అడిగాను. నీళ్లు, పౌడరు, నూనెతో చేసే ప్రయోగం ఆయన చెప్పిందే.

ఆదివారం పొద్దున అక్క వాకిట్లో కూర్చున్నాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది.

"ట్రాన్సిస్టర్ అంటే రేడియోనా? ఇంకెవరు ఇంటున్నరు రేడియో?"

"రేడియో కాదక్కా. ఫోన్ల లోపల, టీవీల లోపల ఉంటయి" అని అణువుల సంగతి చెప్పాను. "ఎవ్వరు పెట్టేది లేదు. వాటంతటవే వచ్చి వరుసగ నిలబడతయి."

చేట ఆగింది. "వాటంతటవే నిలబడితే ఇగ మన పిల్లెందుకు గాడ? ఊకె కూసోని సూస్తందుకా?"

'తమంత తామే' అన్న మాటే నాకు అన్నిటికన్నా నచ్చింది. దాన్నే పట్టుకుని ఇంత దూరం వచ్చాను.

"ఆగు, సూపిస్త" అని స్టీలు తాంబాళం అడిగాను. నీళ్లు పోసి, పౌడరు చల్లి, అగ్గిపుల్ల కొసతో పల్లీనూనె తాకించాను. నూనె ఒక్క అణువు మందంగా పరుచుకుంటూ పౌడరును పక్కకు నెట్టాలి. ఏమీ జరగలేదు. చిన్న నూనె బొట్టు ఒకచోటే తేలుతూ ఉంది.

"గిదేనా మీ లైబ్రరీ సదువు?" అంది అక్క.

పిల్ల వంగి చూసింది. "అమ్మా, తాంబాళానికి జిడ్డుంది."

అనకూడని మాట. అక్క తోమిన గిన్నెలో మొహం చూసుకోవచ్చని వాడకట్టులో పేరు.

"నా తాంబాళానికి జిడ్డా? నువ్వు ఏనాడన్న ఒక్క గిన్నె తోమినవా, మాట్లాడుతున్నవ్?"

"కంటికి కనిపించదమ్మా. పల్చటి పొర. అది ముందే నీళ్ల మీద పరుసుకున్నది. ఇగ కొత్త నూనెకు జాగ యాడిది?"

అక్క తాంబాళం ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. సబ్బు అందుకోబోతే పిల్ల వద్దంది. "సబ్బు గూడ ఒక పొరేనమ్మా." అక్క చింతపండు, బూడిద తీసింది. తోమి, వేడినీళ్లు పోసి, మళ్లీ తోమింది. కొంగుతో తుడవబోతే పిల్ల అదీ వద్దంది. "లోపల ఏలు పెట్టకు." "ఇగ ముట్టకుంటెట్ల తేవాల్నే, నోటితోని పట్టుకోవాల్నా?" అని గొణుగుతూ అంచు పట్టుకుని తెచ్చింది.

ఈసారి అగ్గిపుల్ల తాకగానే పౌడరు అంచుల వైపు ఉరికింది. మధ్యలో గుండ్రంగా నీళ్లు బయటపడ్డాయి.

అక్క తాంబాళం మీంచి తలెత్తి పిల్లను చూసింది. "గాడ నీ పని గిదేనా? జిడ్డు తీసుడు?"

"శానా దినాలు గదేనమ్మా. అణువంత మురికి ఉన్నా వరుస చెడుతది. కరెంటు సక్కగ పోదు. నిలబడేది అవే, జాగ శుభ్రం జేసేది మాత్రం మేమే."

"ఇంట్ల ఏనాడు చీపురు పట్టలె, గాడ తోముతదంట" అని నవ్వి, అక్క నా వైపు తిరిగింది. "సిమెంటోళ్లకు నువ్వే ఫోన్ చెయ్ తమ్మీ. వద్దని మర్యాదగ చెప్పుడు నాకు రాదు."

సూర్యాపేట తిరిగొచ్చాక ఆ పుస్తకం మళ్లీ తీశాను. పలకలను కడిగే పద్ధతుల మీద ఒక అధ్యాయమే ఉంది. రుచిగా లేదని నేను దాటేసిన అధ్యాయం. పరీక్షల్లేని చదువుకు ఉన్న హాయి అదే, ఇబ్బందీ అదే. దాటేసిన పేజీ గురించి అడిగేవాళ్లు ఉండరు.

పేర్లు రాయొద్దని అక్క కట్టడి చేసింది, కాబట్టి వరసలతోనే దండం పెడుతున్నాను. నా కోసం నిఘంటువు బీరువా తాళం తీసిపెట్టే గ్రంథాలయం మేడంకు, చాయ్ తాగించి మరీ పాఠం చెప్పిన కోదాడ సారుకు, ఈ కాగితాల్లో అణువుల తప్పులు దిద్దిన మేనకోడలికి, గొర్రెలను ఆలస్యంగా తోలుకుపోయి అంతసేపూ గుమ్మంలో నిలబడి విన్న బావకు, వాటంతటవే నిలబడితే పిల్లెందుకని అడిగినందుకు అక్కకు. చివరగా, ఆ ఆదివారం నా ఫోన్ ఎత్తి, ఉద్యోగం వద్దంటే కోపగించుకోకుండా, "పిల్లను మంచిగ చదువుకోమనండి" అన్న ఫ్యాక్టరీ ఆఫీసాయనకు.