ఎర్రదారం పిన్నీసు

దయ్యాలన్నా, చేతబడులన్నా నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రాలేదని మా అమ్మ కంగారుపడేది. కాయలు పాతవై ఉంటాయిలే అనేదాన్ని నేను. ఇప్పటికీ నా మాట అదే. కిందటి చలికాలంలో జరిగిన ఒక్క సంగతికి మాత్రం నా దగ్గర అలాంటి జవాబు లేదు.

మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. పెళ్లయ్యాక బహ్రెయిన్ వచ్చాను. మా ఆయన సల్మాబాద్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్. నేను సనాబిస్‌లో ఒక లేడీస్ టైలర్ షాపులో పనిచేస్తాను. ఇక్కడి ఆడవాళ్లు తొడుక్కునే నల్ల అబాయాలకు అంచులు కుట్టడం నా పని. మా చెల్లెలు స్వాతి బుడాపెస్ట్‌లో ఎమ్మెస్ చదువుతోంది.

విదేశాల్లో చదువుకుంటానని ఇంట్లో ముందు మొత్తుకున్నది నేను. ఆడపిల్లకు అంత దూరమెందుకన్నారు. నాలుగేళ్ల తర్వాత చెల్లెలి వంతు వచ్చేసరికి ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

కుళ్లు అంటే కుళ్లే, దాచుకోను. అది ప్రాగ్ వంతెన మీద నిలబడి ఫోటో పెడితే నాకు ఆ పూట అన్నం సయించేది కాదు. వెనిస్‌లో పడవెక్కిందని తెలిస్తే, ఆ పడవ కాస్త గట్టిగా ఊగితే బాగుండుననుకున్నాను. మా అమ్మకు బహ్రెయిన్ అనడం ఇప్పటికీ రాదు. "పెద్దది దుబాయిల ఉంటది" అంటుంది అందరితో. బుడాపెస్ట్ మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా పలుకుతుంది.

ఇవన్నీ స్వాతికి తెలియవు. పాపం, అదే పిలిచింది. "ఒక్కసారి రా అక్కా, వియన్నా ఇద్దరం తిరుగుదాం" అని టికెట్లు కూడా తీసుకుంది. నేను కొత్త స్వెటర్ కొనుక్కున్నాను. వీసా రాలేదు. నా బదులు అది స్నేహితురాలిని తీసుకెళ్లింది. "టికెట్ వేస్ట్ అయితది గద అక్కా" అంది. నిజమే. నిజం కాబట్టే కడుపు ఇంకా మండింది.

ఇక పిన్నీసు సంగతి. నల్లపూసలకు ఒకటో రెండో పిన్నీసులు తగిలించుకోవడం మా ఇళ్లల్లో ఆడవాళ్ల అలవాటు. ఎప్పుడు ఏది ఊడుతుందో తెలియదు కదా. "మెడల హార్డ్‌వేర్ దుకాణం పెట్టినవా?" అని స్వాతి నన్ను ఆటపట్టించేది. నావి షాపు పిన్నీసుల్లో కలిసిపోకుండా ఎర్రదారం చుట్టి పెట్టుకుంటాను. దారం ఒక కొస పొడుగ్గా వదిలేస్తాను, లాగడానికి వీలుగా ఉంటుందని.

స్వాతి వియన్నాలో దిగిన రోజు మధ్యాహ్నం షాపు మూశాం. ఇక్కడ చాలా షాపులు మధ్యాహ్నం మూసి సాయంత్రం మళ్లీ తెరుస్తారు. నాతో పనిచేసే నసీమా ఆపాది హైదరాబాద్. ఆమె టిఫిన్ విప్పుకుంది. నేను తినలేదు. కట్టింగ్ టేబుల్ పక్కన చాప మీద పడుకుని ఫోన్ చూస్తే స్వాతి స్టేషన్ ముందు నవ్వుతున్న ఫోటో. ఫోన్ బోర్లించి కళ్లు మూసుకున్నాను. ఆ పక్కన నేనుండాల్సింది. అదొక్కటే అనుకుంటూ నిద్రపోయాను.

ఆ తర్వాతది కల అనడానికి కూడా సరిపోదు. పాదాలకు చలిగాలి తగలడం గుర్తుంది. ఎవరిదో బూడిదరంగు కోటు, మెడ దగ్గర గుండీ ఊడి గాలికి కొట్టుకుంటోంది. దర్జీదాన్ని, చూస్తూ ఊరుకోలేకపోయాను. అబాయా గుడ్డ వేళ్ల మధ్య జారిపోతుంది. ఆ కోటు మా ఊరి గొంగడిలా మందంగా, గరుగ్గా ఉంది. పిన్నీసు దిగడానికి గట్టిగా నొక్కాల్సి వచ్చింది. మనిషి ముఖం గుర్తులేదు.

నసీమా ఆపా కుదిపి లేపింది. "ఏమైంది బిడ్డా? కాళ్లు మంచుగడ్డల లెక్క ఉన్నయి. ఏసీ బంద్ చేసిన, దుప్పటి కప్పిన, అయినా వెచ్చబడుతలేవు." నేను చాప మీది నుంచి కదల్లేదనీ, తలుపు లోపల గడియ వేసే ఉందనీ ఆమె ఇప్పటికీ చెబుతుంది.

సాయంత్రం మెడ తడుముకుంటే ఒక పిన్నీసు లేదు. సూదులు ఏరే అయస్కాంతం నేలంతా తిప్పాం. షాపు పిన్నీసులన్నీ వచ్చాయి, నాది రాలేదు. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "ఏడికి పోతది? పరుపు కింద జూడు" అన్నాడు. అక్కడా లేదు.

అప్పుడే స్వాతి ఫోన్. ట్రాముల గురించీ కేకుల గురించీ వినే ఓపిక లేక కట్ చేశాను. మళ్లీ చేసింది. ఎత్తితే, హలో కూడా అనకుండా మొదలుపెట్టింది.

ట్రాములో ఒక ముసలావిడ ఎదురుగా కూర్చుని దాన్ని చూసి తెలిసినదానిలా నవ్విందట. కోటు మెడ చూపించి థాంక్స్ చెప్పిందట. అక్కడ ఎర్రదారం చుట్టిన పిన్నీసు ఉంది. తాను కాదని స్వాతి అంటే, "నువ్వే. మధ్యాహ్నం వంతెన మీద పెట్టావు" అందట. తర్వాత స్వాతి మెడ వైపు వేలు చూపించి, నల్లపూసల దండ ఎందుకు తీసేశావని అడిగిందట.

మేమిద్దరం అచ్చు గుద్దినట్టు ఉంటాం. పెళ్లికాని స్వాతి ఎన్నడూ నల్లపూసలు వేసుకోలేదు.

స్నేహితురాలు తీసిన ఫోటో పంపింది. బూడిదరంగు కోటు, పిన్నీసు, పొడుగ్గా వదిలిన దారం కొస. ముడి నాదే. నా చేతి ముడి నాకు తెలియదా!

"నువ్వొచ్చినవా అక్కా?" అంది స్వాతి. "వస్తే మరి నన్నెందుకు కలువలే?"

ఫోన్ మా ఆయన చేతికిచ్చాను. ఆయన ఫోటో చూసి, అలాంటి పిన్నీసులు లోకంలో ఎన్ని లేవన్నాడు. ఆయన మాటే నిజమై ఉండొచ్చు. మరి ఆ నల్లపూసల మాటేమిటో ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేను.

ఇన్నాళ్లూ చెల్లెలి మీద కుళ్లుకున్నాను. ఇప్పుడు నాలోంచి వెళ్లి ఆ వంతెన మీద నిలబడి వచ్చినదాని మీద కుళ్లుగా ఉంది. అది నది చూసింది, ఊరు చూసింది. నాకు చల్లబడ్డ కాళ్లు మిగిల్చింది.

ఇప్పుడు స్వాతి ఫోన్ చేస్తే మొదటి మోతకే ఎత్తుతున్నాను. ఈ వారం ఏ ఊరు వెళ్తున్నావని నేనే అడుగుతున్నాను. అది వెళ్లే రోజు మధ్యాహ్నం నల్లపూసలకు ఎర్రదారం పిన్నీసులు రెండు తగిలించి, ఆ కొత్త స్వెటర్ వేసుకుని చాప మీద పడుకుంటాను. నసీమా ఆపా నవ్వుతుంది. ఈసారి చెల్లెల్ని కలిసే వస్తానని మనసులో అనుకుంటాను.

లేవగానే మెడ తడుముకుంటాను. రెండూ ఉంటున్నాయి.