బండ కింద నుంచి వెనక్కి

ఆ రోజు గుట్ట సగం ఎక్కానో లేదో, ఎడమవైపు కింది దవడ గుంజడం మొదలైంది. కూర్చుంటే తగ్గింది. లేచి నాలుగు అడుగులు ఎక్కితే మళ్లీ వచ్చింది. పన్ను నొప్పి అనుకున్నాను.

నేను ఐదో తరగతి దాకానే చదివాను. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. మాది ఉప్పునుంతల దగ్గర ఊరు. సీతాఫలాల కాలంలో పొద్దున్నే గంప పట్టుకుని ఒక్కదాన్నే గుట్ట ఎక్కుతాను. మా దగ్గర ఎవరి చెట్లు వాళ్లు దాచుకుంటారు. తోడు తీసుకుపోతే మరునాడు ఆ చెట్టుకు కాయ ఉండదు.

నాగర్‌కర్నూల్‌లో పంటి డాక్టరుకు చూపించాను. ఆయన తట్టి చూశాడు.

"జర పుచ్చింది గానీ గంత నొప్పి రావద్దమ్మా. సిమెంటు పెడ్త, సరిపోతది" అన్నాడు.

"గుట్ట ఎక్కనిస్తలేదు సార్, పీకెయ్" అన్నాను.

పీకాడు. పుండు మానాక గుట్ట ఎక్కితే, పన్ను లేని చోటే అదే నొప్పి.

మా ఆయన బాలయ్య నవ్వాడు. "లేని పన్ను ఎట్ల నొస్తదే? కాయలు తెచ్చుడు శాతగాకపోతే శాతగాదని చెప్పు."

ఊళ్లో మందులిచ్చే ఆయన గ్యాస్ అన్నాడు. దవాఖానలో ఈసీజీ తీశారు. నార్మల్ అన్నారు. నార్మల్ ఎందుకు రాదు? మంచం మీద పడుకోబెట్టి తీశారు. పడుకుంటే నాకు నొప్పి రాదని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు. గ్యాస్ మాత్రలు మింగి మింగి విసుగొచ్చింది.

చివరికి ఒక డాక్టరమ్మ అడిగింది. "ఏం చేస్తుంటే వస్తది నీకు?"

"గుట్ట ఎక్కుతుంటే."

ఆమె రాయడం ఆపి నా ముఖం చూసింది. హైదరాబాద్‌కు రాసిచ్చింది. అక్కడ టీఎంటీ అని, కదిలే పట్టా మీద నడిపించారు. పట్టాను కొంచెం కొంచెం ఎత్తు చేస్తూ పోయారు. గుట్ట ఎక్కినట్టే. దవడ గుంజింది. వెంటనే ఆపేశారు. తర్వాత యాంజియోగ్రామ్ తీసి, ఒక రక్తనాళం సన్నబడిందని స్టెంట్ వేశారు.

"నీకు పన్ను కాదమ్మా, గుండె. దీన్ని యాంజైనా అంటం. కొందరికి దవడలనే వస్తది" అన్నాడు అక్కడి డాక్టరు. పీకిన పన్ను ఊరికే పోయింది.

ఆరు నెలలు చదునుగా ఉన్న చోటే నడిచాను. గుట్ట ఎక్కొచ్చా అని మా డాక్టరమ్మను అడిగాను. "మెల్లగ ఎక్కు. నొప్పి వస్తే ఆగి కూసో. నాలుక కింద మాత్ర పెట్టుకో. తగ్గకుంటే జల్ది దవాఖానకు రా" అంది. తగ్గితే ఏం చెయ్యాలో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

కాయల కాలం వచ్చింది. ఎక్కాను. నా చెట్ల కంటే ముందు ఒక ఏటవాలు బండ ఉంటుంది. చేతులూ కాళ్లూ ఆనించి పాకాలి. దాని కిందికి చేరేసరికి దవడ గుంజింది. కూర్చుని మాత్ర పెట్టుకున్నాను. తలకాయ దిమ్మెక్కి, నెమ్మదిగా నొప్పి పోయింది.

పైన చెట్లు కనబడుతున్నాయి. కాయలు కండ్లు విచ్చి కోతకు వచ్చాయి. ఇంకొక్క రోజైతే పక్షుల పాలు. నొప్పి లేదు కదా, పోవచ్చు కదా అని మనసు ఒకటే పోరు. కోపంతో ఏడుపొచ్చింది. చెయ్యి బండకు ఆనించాను కూడా.

అప్పుడు ఆలోచన వచ్చింది. బండ మధ్యలో నొప్పి వస్తే? రెండు చేతులూ బండను పట్టుకుని ఉంటాయి. మాత్ర ఏ చేత్తో తీయాలి? పైకి చేరినా, దిగేటప్పుడు వెనక్కి వెనక్కి పాకుతూ రావాలి. కూర్చునే చోటే లేదు.

దిగాను. దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

వాకిట్లో మా ఆడబిడ్డ లక్ష్మమ్మ కనిపించింది. "ఏం వదినె, గంపకు గుట్ట చూపిచ్చి తెచ్చినవా?" అంది.

మళ్లీ చూపించుకుంటే డాక్టరమ్మ ఇంకో రక్తనాళం సన్నగా ఉందని మందులు మార్చింది. "ఆ రోజు ఎక్కితే ఏమయ్యేది మేడమ్?" అని అడిగాను.

"ఏమో. ఏం గాకపోవచ్చు గూడ" అంది.

అదే నాకు మింగుడు పడలేదు. దిగింది మంచిదైందని ఒక్కరైనా గట్టిగా చెబితే బాగుండేది. ఎవరూ చెప్పలేరట.

ఇప్పుడు లక్ష్మమ్మను తీసుకుపోతున్నాను. నా చెట్లు చూపించక తప్పలేదు. నేను బండ కింద కూర్చుంటాను. ఆమె పైనుంచి అరుస్తుంది. "ఇసుంటి చెట్లు ఇన్నేండ్లు దాచినవా, దొంగదానా?" సగం కాయలు ఆమెవి. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

నాలాంటి జబ్బుతో ఒంటరిగా ఎక్కేవాళ్లకు ఒక్క మాట. నొప్పి తగ్గింది కదా అని ముందుకు పోకండి. ముందున్న దారికి రెండు చేతులూ కావాలంటే, ఒక చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడే వెనక్కి తిరగండి.