పిలుపు గంట

దయ్యాలు, గాలి సోకడాలు అంటే మా ఇంట్లో కసురుకుంటారు. మా తాత కాలం నుంచి చర్చికి పోయే ఇల్లు మాది. ఒళ్ళు బాగలేకపోతే ప్రార్థన చేసుకుని కర్నూలు పెద్దాసుపత్రికి పోతాం, అంతేగానీ తాయెత్తుల జోలికి పోము. నేనైతే ఇంకా మొండిదాన్ని. నేను పాఠాలు చెప్పే స్కూల్లో ఒకసారి మేడ మీద గదిలో ఎవరో తిరుగుతున్నారు మేడం అని పిల్లలు వణికితే, చేతికి చీపురిచ్చి ఆ గదే ఊడ్చి రమ్మన్నాను. కాబట్టి నేను చెప్పబోయేది చదివి ఈమెకు బుర్ర తిరిగిందేమో అనుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఇంకొకరు చెప్పి ఉంటే నేనూ అదే మాట అనేదాన్ని.

మాది ఓర్వకల్లు దగ్గర పల్లె. ఊరి వెనక అంతా బండరాళ్ళ గుట్టలు. ఇల్లంత బండ మీద ఇల్లంత బండ, వాటి నడుమ మనిషి దూరేంత సందులు. ఏ సందు చూసినా ఒకే మాదిరి ఉంటుంది. మేకల వెంట పోయి, కలేపండ్లకని పోయి దారి తప్పినవాళ్ళు శానామంది. అక్కడ అరిచి లాభం లేదు. అరుపు బండలకు కొట్టుకుని నాలుగు దిక్కుల నుంచీ తిరిగొస్తుంది. దాన్ని నమ్ముకుని ఇంకా లోపలికి పోయి, ఎండకు ప్రాణం విడిచినవాళ్ళు కూడా ఉన్నారు.

అందుకే మా ఊర్లో పిలుపు గంట అని ఒకటి ఉంది. గంట చర్చిదే, కొట్టే తీరు వేరు. ఆదివారం గంట ఆపకుండా మోగుతుంది. చావు గంట ఒక్కొక్కటే, నిదానంగా. పిలుపు గంట రెండు జంటగా కొట్టి, కొంచెం ఆగి, ఒకటి విడిగా కొట్టాలి. చర్చి మిట్ట మీద ఉంది, గంట దానికంటే ఎత్తున. శబ్దం బండల పైనుంచి పోతుంది కాబట్టి ఒక్క దిక్కు నుంచే వినిపిస్తుంది. దాన్ని ముఖానికి ఎదురుగా పెట్టుకుని నడిస్తే ఊర్లోకి వచ్చేస్తారు.

దీనికి కట్టుబాట్లున్నాయి. తప్పిపోయినవాళ్ళ ఇంటి మనిషే కొట్టాలి. కొడుతూ "ఈడ ఉండా" అని నోట్లో అనుకుంటా ఉండాలి. తప్పిపోయినవాళ్ళు వచ్చి తమ చేత్తో పట్టుకుని గంటను ఊరుకోబెట్టేదాకా ఆపకూడదు. రెడ్ల పిల్లోడు తప్పిపోయినా, దూదేకుల ముసలామె తప్పిపోయినా ఇదే పద్ధతి. మా నాయన ఉన్నన్నాళ్ళు తాడు ఆయన చేతిలోనే ఉండేది. ఆయన పోయినాక మా తమ్ముడు సామేలు చూసుకుంటున్నాడు.

సామేలు కూతురు రూతు. ఇది జరిగేనాటికి దానికి ఆరేళ్ళు. నేను పెళ్ళి చేసుకోలేదు, అది నా ఇష్టం, దాని గురించి ఊర్లో అందరూ మాట్లాడి అలిసిపోయినారు. మా మరదలు విమానాశ్రయంలో ఊడ్చే పనికి పొద్దున పోతే సాయంత్రానికి వస్తుంది. రూతుకు తల దువ్వడం, అన్నం పెట్టడం, అక్షరాలు దిద్దించడం అన్నీ నేనే. అది పుట్టినప్పటి నుంచి నా పక్కలోనే పడుకునింది. ఎవరన్నా నీ కూతురా అని అడిగితే కాదని చెప్పేదాన్ని కాదు.

కర్నూల్లో ప్రైవేటు స్కూల్లో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి విసుగెత్తిపోయింది. పిల్లలతో కాదు, యాజమాన్యంతో. మా చర్చికి తెలిసినవాళ్ళు ఒకరు, థాయిలాండులో పల్లె పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాళ్ళు కావాలంట, జీతం ఉండదు, గదీ తిండీ వాళ్ళే చూస్తారు అన్నారు. ఒక్క ఏడాది మన కోసం మనం బతుకుదామని ఒప్పుకున్నాను. అందరూ సరేనన్నారు, రూతు మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. బయల్దేరే రోజు నా కొంగు పట్టుకుని, "నేను తప్పిపోతే నాకు గంటెవురు కొడతారత్తా" అనింది. "యాడున్నా నేనే కొడతా, సరేనా" అన్నాను. చిన్నపిల్లను ఏదో ఒకటి చెప్పి సముదాయించాలి గదా.

ఆ స్కూలు థాయిలాండులో ఈశాన్యం వైపు ఉంది. ఎర్రనేల, మాడు మండే ఎండ, మా సీమ నుంచి ఎక్కువ దూరం రాలేదేమో అనిపించేది. పిల్లలు చెప్పులు బయట వరసగా విడిచి, చేతులు జోడించి లోపలికి వస్తారు. నన్ను "ఖ్రూ" అంటారు, టీచరని అర్థం. వరండా దూలానికి గొలుసుతో రైలుపట్టా ముక్క వేలాడదీసి ఉంటుంది, అదే వాళ్ళ బడిగంట. మా ఊరి బళ్ళో ఉన్నట్టే ఉందే అని దాన్ని చూసి సంతోషపడినాను.

పుస్తకం తెరిస్తే ఆ పిల్లలకు నిద్ర వచ్చేది. ఇట్ల కాదని ఒకరోజు పిలుపు గంటను ఆటగా మార్చినాను. ఒకరి కళ్ళకు గంతలు కట్టి మైదానంలో తిప్పి వదలాలి. ఇంకొకరు పట్టాను మా ఊరి పద్ధతిలోనే కొట్టాలి, కొట్టినప్పుడల్లా "ఐ యామ్ హియర్" అనాలి. గంతలవాళ్ళు వచ్చి పట్టాను పట్టుకుంటే ఆట అయిపోయినట్టు. ఇంక చూడాలి వాళ్ళ సంబరం. రోజూ అదే ఆట కావాలని నా ప్రాణం తీసేవాళ్ళు.

వాళ్ళలో నోక్ అని ఒక పాప. ఎడమచేతి వాటం. జంట ఒకటి, విడి ఒకటి అని ఎన్నిసార్లు చెప్పినా మూడూ కలిపి కొట్టేస్తుంది. చెయ్యి పట్టుకుని కొట్టించినా, వదిలిన మరుక్షణం మళ్ళీ మూడూ కలిపే కొడుతుంది. నాకు కోపం వచ్చేకొద్దీ దానికి నవ్వు వచ్చేది.

అక్కడ బడి తెరిచి కొన్ని వారాలైంది. మా ఊర్లో ఇంకా వేసవి సెలవులు, రోహిణి ఎండలు. మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటున్నారు. సామేలు ఫోను చేసినాడు. వాడు ఆ టైంలో ఎప్పుడూ చెయ్యడు.

"అక్కా, రూతు కనపడల్యా. పొద్దున్నే పిల్లోళ్ళతో కలేపండ్లకని గుట్టల్లోకి పోయింది. అందురూ వచ్చినారు, ఇది రాల్యా."

నేను వెంటనే గంట కొట్టమన్నాను. వాడు ఏడ్చేసినాడు. చర్చి కొత్తగా కట్టడానికి పాతదాన్ని పడగొట్టినారు. గంటను కిందికి దించి మా ఇంటి వసారాలో గోనెపట్టా కప్పి పెట్టినారు. నలుగురు ఎత్తాల్సిన గంట అది.

"సుత్తితో కొట్టి చూసినామక్కా. నేల మీద ఉండాది గదా, దబ్బుమంటాండాది గానీ మోగడంల్యా. మసీదు మైకులో పిల్పించినాం. ఆ మాట నాలుగు దిక్కులా తిరుగుతాంటే పిల్ల ఇంకా లోపలికి పోతాదని నిలబెట్టేసినాం. నీళ్ళు కూడా తీసుకపోల్యా అక్కా అది."

అంతలో ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్. మా మరదలికి చేసినాను, పక్కింటివాళ్ళకు చేసినాను. ఊరంతా గుట్టల్లో ఉన్నట్టుంది, ఎవరికీ కలవలేదు.

ఆ ఎండ సంగతి నాకు తెలుసు. ఆ బండల మీద చెయ్యి పెడితే చర్మం ఊడుతుంది. ఆరేళ్ళ పిల్ల నీళ్ళు లేకుండా మధ్యాహ్నం దాటదు. విమానం ఎక్కాలంటే ముందు ఆ పల్లె నుంచి టౌనుకు, టౌను నుంచి బ్యాంకాకుకు పోవాలి. నేను చేరేసరికి నాకు చూడటానికి ఏం మిగులుతుందో కూడా తెలుసు. దేవుడా అనాలని కూడా తోచలేదు, నేనెందుకు వచ్చినాను ఈడికి, నేనెందుకు వచ్చినాను అనుకుంటా వరండాలో అటూ ఇటూ తిరిగినాను.

తిరుగుతుంటే ఆ పట్టా భుజానికి తగిలింది. సుత్తి తీసుకుని కొట్టడం మొదలుపెట్టినాను. సముద్రం అవతల ఉన్న పిల్లకు వినపడుతుందని కాదు. అంత వెర్రిదాన్ని కాదు. ఊరికే ఉండటం చేతకాలేదు, అంతే. జంట, విడి. జంట, విడి. "ఈడ ఉండా రూతూ, ఈడ ఉండా."

పిల్లలు తినేది వదిలి వచ్చినారు, ఆట అనుకున్నారు. నా ముఖం చూసి నిలబడిపోయినారు. హెడ్‌మిస్ట్రెస్ వచ్చి నా చెయ్యి పట్టుకోబోయింది. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. "మై చైల్డ్, లాస్ట్" అన్నాను. ఆమె చెయ్యి వదిలి పక్కన నిలబడింది. మధ్యాహ్నం పాఠాల ఊసు ఎవరూ ఎత్తలేదు.

అరచేతులు బొబ్బలెక్కి పగిలినాయి. సుత్తి జారి పడింది. మళ్ళీ తీసుకునేలోపు ఒక పాప తీసుకుని కొట్టింది, కొట్టి "ఐ యామ్ హియర్" అనింది. దాని తర్వాత ఇంకొకరు. అందరూ వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు కొడుతున్నారు. ఇంటి మనిషే కొట్టాలనే కట్టుబాటు గుర్తొచ్చి వద్దనాలనుకున్నాను. నోరు రాలేదు. నేల మీద కూర్చుని ఏడుస్తున్నాను, మధ్యలో లేచి నేను కొడుతున్నాను, మళ్ళీ కూలబడుతున్నాను. నోక్ వంతు వచ్చినప్పుడల్లా మూడూ కలిపి కొట్టేది. ఆరోజు అది నవ్వలేదు.

ఎంతసేపో తెలియదు. నీడలు బాగా సాగినాయి. నోక్ మళ్ళీ కొడుతోంది. ఉన్నట్టుండి శబ్దం ఆగిపోయింది.

సుత్తి పడుతోంది, పట్టా మోగడం లేదు. కట్టె మీద కొట్టినట్టు టప్ అని, అంతే. నోక్ చెయ్యి ఆపి నా వైపు చూసింది. నేను లేచి కొట్టినాను. మోగలేదు. హెడ్‌మిస్ట్రెస్ నా చేతిలోనుంచి తీసుకుని గట్టిగా కొట్టింది. టప్. పట్టాకు ఏదీ ఆని లేదు, గొలుసుకు వేలాడుతూనే ఉంది. పిల్లలు వెనక్కి జరిగి చేతులు జోడించినారు.

నేను ఒక్కటే అనుకున్నాను, రూతు పోయింది. గంట నోరు మూసుకుందంటే ఇంక పిలిచి లాభం లేదని అర్థం. ఆ వరండాలో, నా మాట ఒక్కటి కూడా అర్థం కాని పిల్లల ముందర, దేవుణ్ణి అనరాని మాటలు తెలుగులో తిట్టినాను. పాస్టరు వింటే నన్ను చర్చిలోకి రానిచ్చేవాడు కాదు. నన్ను తీసుకపోయి దాన్ని ఉంచి ఉంటే నీ సొమ్మేం పోతుండె అని అడిగినాను.

కొంతసేపటికి ఫోను మోగింది. ఎత్తడానికి ధైర్యం చాలక హెడ్‌మిస్ట్రెస్ చేతికిచ్చినాను. ఆమె స్పీకరు పెట్టింది.

"అక్కా, వచ్చింది. పెదాలు పగిలిపోయి ఉండాయి, ఊపిరి ఉండాది. ఆసుపత్రికి తీసుకపోతాండాం. దానంతటదే నడిచొచ్చింది అక్కా."

మరుసటి రోజు పొద్దున బడిగంట కొట్టే పిల్ల భయం భయంగా పట్టాను కొట్టింది. ఎప్పటిలాగే ఖంగుమనింది. నేను గొలుసు చూసినాను, దూలం చూసినాను, పట్టాను తిప్పి తిప్పి చూసినాను. ఏమీ లేదు.

సామేలు తర్వాత వివరంగా చెప్పినాడు. రూతు ఎవరూ వెతకని వైపు నుంచి ఒక్కతే వచ్చిందంట. ఎదురొచ్చినవాళ్ళను చూడను కూడా చూడకుండా నేరుగా మా వసారాలోకి పోయి, గోనెపట్టా లాగేసి, రెండు చేతులూ గంట మీద పెట్టి పడిపోయిందంట. గంట వినపడింది, వచ్చినా అని ఆసుపత్రిలో చెప్పిందంట. వడదెబ్బకు అట్లా చెవులు మోగుతాయని డాక్టరు అన్నాడు. నేనూ అదే నిజమన్నాను. నేను పట్టా కొట్టిన సంగతి మాత్రం సామేలుకు చెప్పినాను. అది మోగకుండా పోయిన సంగతి చెప్పలేదు. చెబితే నేనే నమ్మాల్సి వస్తుందని.

ఏడాది ముగిసి ఊరికి వచ్చేసరికి చర్చి పని ఇంకా నడుస్తూనే ఉంది, గంట వసారాలోనే ఉంది. ఒక పొద్దున దాని పక్కన కూర్చోబెట్టుకుని రూతుకు తల దువ్వుతున్నాను. అదే ఎత్తింది మాట.

"ముందు కొట్టింది నువ్వే గదత్తా. నీదని తెలిసింది. తర్వాత వేరేవాళ్ళు కొట్టినారు."

దువ్వెన ఆపి ఎట్ల తెలిసిందే అన్నాను.

"సక్కంగా కొట్టల్యా. మూడూ కలిపి కొడతాన్నింది. నాకు లేయడానికి చాతకాక పండుకొని ఉన్యా. మూడూ కలిపి కొడితే నవ్వొచ్చింది. నవ్వొచ్చి లేసినా."

అది గంట మీద రెండు అరచేతులూ ఆనించి చూపించింది.

"ఇట్ల పట్టుకున్యా. లోపల జుమ్మంటాన్నింది. పట్టుకుంటూనే ఊరకైపాయ."

మళ్ళీ వచ్చి నా ముందర కూర్చుని తల వంచింది. జడ సగంలో ఉంది.

"అత్తా, మూడూ కలిపి కొట్టిన పాప పేరేంది?"

ఎవరు కొట్టినారో, ఎట్ల కొట్టినారో నేను సామేలుకు చెప్పలేదు. ఊర్లో ఎవరికీ చెప్పలేదు. పిల్లలు కొట్టినారని కూడా ఎవరికీ తెలియదు.

నోక్ అని చెప్పినాను. చెప్పి, మిగిలిన జడ అల్లినాను.